అర్థం జవాబులో ఉంటుంది: ఒడిశా సరిహద్దు తెలుగు జీవితాల్లో గుర్తులు, గుర్తింపులు

మహేంద్రతనయ నదికి ఒక పక్క పర్లాకిమిడి, ఇంకో పక్క పాతపట్నం. మొదటిది ఒడిశాలోని గజపతి జిల్లాకు ముఖ్య పట్టణం, రెండోది శ్రీకాకుళం జిల్లాలో మండల కేంద్రం. కూరగాయల బుట్టలు, పెళ్ళి సంబంధాలు, ఆస్పత్రి పనులు రోజూ అటూ ఇటూ తిరుగుతూనే ఉంటాయి. 1900లో నౌపడ నుంచి పర్లాకిమిడికి వేసిన చిన్న రైలు మార్గాన్ని తర్వాత గుణుపురం దాకా పొడిగించారు. ఇప్పుడది బ్రాడ్ గేజ్ అయింది, అదే జనాన్ని అదే ఊళ్ళకు చేరవేస్తోంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడేదాకా ఈ రెండు ఊళ్ళూ మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేవి. ఆ రోజుతో పర్లాకిమిడి అటు వెళ్ళింది, పాతపట్నం ఇటు మిగిలింది.

గీత పడిన మర్నాడు ఎవరింట్లోనూ భాష మారలేదు. వంట మారలేదు, దేవుడు మారలేదు. మారిందల్లా మాటకు ఉండే బరువు. అంతకు ముందు బజారులో తెలుగులో పలకరిస్తే అది పలకరింపు మాత్రమే. గీత పడ్డాక అదే పలకరింపు తానెవరో చెప్పుకోవడం కూడా అయింది. విన్నవాళ్ళు దాన్ని ఎలా తీసుకుంటారన్నది కొత్త ప్రశ్న అయింది. ఈ ప్రశ్న ఎనిమిది దశాబ్దాలు దాటినా తీరలేదు. గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాల్లో తెలుగు మాట్లాడే ప్రతి ఇల్లూ దానికి ఏ పూటకాపూట జవాబు వెతుక్కుంటూనే ఉంది.

దీన్ని అర్థం చేసుకోవడానికి సమాజశాస్త్రంలో సింబాలిక్ ఇంటరాక్షనిజం అనే ఆలోచనా ధోరణి బాగా పనికొస్తుంది. పేరు బరువుగా వినిపిస్తుంది కానీ అది మాట్లాడేది రోజువారీ బతుకు గురించే. షికాగో విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పిన జార్జ్ హెర్బర్ట్ మీడ్ దీనికి పునాది వేశాడు. 1931లో ఆయన పోయాక, విద్యార్థులు రాసుకున్న నోట్సు ఆధారంగా 1934లో ఆ పాఠాలు పుస్తకంగా వచ్చాయి. ఆయన దగ్గర చదువుకున్న హెర్బర్ట్ బ్లూమర్ 1937లో ఈ పేరు పెట్టాడు, 1969లో దీని సారాన్ని మూడు మాటల్లో చెప్పాడు. మనుషులు దేనితోనైనా వ్యవహరించేది అది తమకు ఏమిటన్న దాన్ని బట్టి. ఆ అర్థం పుట్టేది పదిమందితో మెలగడంలో. ఎవరికి వారు సందర్భం చూసుకుని దాన్ని మళ్ళీ మళ్ళీ సరిచేసుకుంటూ ఉంటారు.

మీడ్ చెప్పిన వాటిలో సరిహద్దు బతుక్కి సూటిగా తగిలే మాట ఒకటుంది. సైగకైనా మాటకైనా అర్థం దాని లోపల ఉండదు, ఎదుటివాడు దానికిచ్చే జవాబులో ఉంటుంది. మాట్లాడేవాడు ఆ జవాబును ముందే మనసులో ఊహించుకుని నోరు తెరుస్తాడు. అందరిదీ ఒకే భాష, ఒకే ఆచారం అయిన ఊళ్ళో ఈ ఊహ తప్పడం తక్కువ, కాబట్టి ఎవరూ దాన్ని పట్టించుకోరు. గంజాం జిల్లా బరంపురంలోనో కొరాపుట్ జిల్లా జయపురంలోనో సంగతి వేరు. ఏ భాషలో, ఏ మర్యాదలో జవాబు వస్తుందో ముందుగా తెలియదు. అందుకే అక్కడ అర్థం తయారయ్యే పని కళ్ళెదుటే జరుగుతుంది.

కొట్టు దగ్గర

బరంపురం పట్టు చీరలకు పేరున్న ఊరు. అక్కడి బట్టల కొట్లో ఏ రోజైనా జరిగేదే చూద్దాం. తల్లీ కూతురూ లోపలికి వస్తారు. కొట్టతను 'ఆసంతు, మావుసీ' (రండి, పిన్నీ) అని ఒడియాలో పిలుస్తాడు. ఊరి భాష అది, ఎవరితోనైనా మొదలుపెట్టడానికి పనికొచ్చేది. తల్లి కూడా ఒడియాలోనే 'కేతే?' అని ధర అడుగుతుంది. అతను చెబుతాడు. ఆమె కూతురి వైపు తిరిగి, గొంతు తగ్గించి, 'ధర ఎక్కువే, పద, ఇంకో కొట్టు చూద్దాం' అంటుంది. తెలుగులో. అది ఆమె లెక్కలో తమ ఇద్దరి మధ్య మాట.

కొట్టతను వెంటనే తెలుగులోకి వస్తాడు. 'ఎక్కడికెళ్ళినా ఇదే ధరమ్మా, కూర్చోండి. ఏ ఊరు మీది?' ఆమె ముఖంలో ముందు చిన్న కంగారు, ఆ తర్వాత నవ్వు. 'టెక్కలి దగ్గర. ఇక్కడ మా ఆడపడుచు ఉంది.' 'మా అమ్మమ్మగారిదీ ఆ పక్కేనమ్మా.' ఇక కొత్త చీరలు కిందికి దిగుతాయి, బేరం మళ్ళీ మొదలవుతుంది. ఈసారి లెక్కలు వేరు.

ఇక్కడ జరిగినవాటిని విడివిడిగా చూడాలి. ఆమె చాటుగా అన్న మాట అతని జవాబుతో బహిరంగమైంది, అర్థమూ మారింది. వెళ్ళిపోవడానికన్న మాట కూర్చోవడానికి దారి అయింది. మావుసి అమ్మ అయింది. అతను కూడా ఆ క్షణంలో అమ్మేవాడిగానే కాక మనవాళ్ళలో ఒకడిగా నిలబడ్డాడు. ఊరి పేరు అడగడం కూడా మాట వరసకు కాదు. ఊరు తెలిస్తే చుట్టరికం తెలుస్తుంది, కులం ఒక అంచనాకు వస్తుంది, బేరంలో ఎంత దూరం వెళ్ళవచ్చో తెలుస్తుంది. అదే సమయంలో పక్కన నిలబడ్డ ఒడియా కొనుగోలుదారు ఆ మాటల బయట ఉండిపోయాడు. వాళ్ళకు తక్కువ ధర చెప్పారా, తనకు ఎక్కువ చెప్పారా అన్న అనుమానం అతనికి అక్కడే పుడుతుంది. ఆత్మీయత కలిగించిన మాటే ఇంకొకరికి తలుపు మూసింది. సరిహద్దు భాషల మీద రాసేవాళ్ళు సామరస్యాన్ని పొగిడేటప్పుడు ఈ రెండో సగాన్ని వదిలేస్తుంటారు. అది న్యాయం కాదు.

జాన్ గంపర్జ్ అనే భాషా పరిశోధకుడు ఇలాంటి భాష మార్పిడి మీదే జీవితమంతా పనిచేశాడు. రాబర్ట్ విల్సన్‌తో కలిసి 1971లో ఆయన ప్రచురించిన పరిశోధన మహారాష్ట్ర, కర్ణాటక సరిహద్దులోని కుప్వాడ్ గ్రామం గురించి. అక్కడ కన్నడం, మరాఠీ, ఉర్దూ తరతరాలుగా పక్కపక్కన మెలగడంతో వాక్య నిర్మాణాలు దాదాపు ఒకే అచ్చులోకి వచ్చేశాయి. అయినా ఏ ఇంటివాళ్ళు ఆ ఇంటి మాటలు విడిచిపెట్టలేదు. వ్యాకరణం కలిసిపోయినా మాటలు విడిగా ఎందుకు మిగిలాయి? మాట వినగానే ఎవరెవరో తెలియాలి గనుక. బరంపురంలోనూ, పర్లాకిమిడిలోనూ తెలుగు వాక్యం తీరు ఒడియా వైపు ఒరిగింది. ఒడియా వాక్యంలో తెలుగు మాటలు దూరాయి. కానీ సొంత గుర్తు పట్టించే ఒకటి రెండు మాటలు మాత్రం ఇద్దరూ భద్రంగా దాచుకుంటారు.

పిలుపుల్లో ఇంకో చిక్కుంది. ఒడియాలో ఎదుటివాళ్ళను అనడానికి ఆపణ, తుమే, తు అని మూడు మెట్లున్నాయి. తెలుగువాళ్ళ అలవాటు మీరు, నువ్వు. నడిమి మెట్టు దగ్గర తెలుగువాళ్ళు తడబడతారు. ఆఫీసులో తోటి ఉద్యోగిని ఆపణ అంటే దూరం పెట్టినట్టు, తు అంటే చులకన చేసినట్టు. ఆ టెన్షన్ లేకుండా ఒడియా మాట్లాడగలిగిన రోజునే ఎవరైనా ఆ ఊరివాళ్ళయినట్టు లెక్క.

కలిసిన వాకిలి, కలవని వరస

మార్గశిర మాసంలో గురువారాలు ఒడియా ఇళ్ళలో మాణబసా. కొత్త ధాన్యం నింపిన మాణం అనే కొలపాత్రలో లక్ష్మిని పూజిస్తారు. ముందు రోజే నూరిన బియ్యప్పిండి నీళ్ళలో కలిపి గోడల మీద, గడప మీద ఝోటి వేస్తారు. వరి కంకులు, తామరలు, బయటి నుంచి లోపలికి నడిచొస్తున్నట్టు లక్ష్మి పాదాలు. ఉత్తరాంధ్ర తెలుగువాళ్ళకు కూడా మార్గశిర గురువారాలు లక్ష్మివే. విశాఖపట్నం కనకమహాలక్ష్మి గుడి ఆ నెలంతా కిటకిటలాడుతుంది. అందుకే సరిహద్దు పట్టణాల్లో ఆ వారం తెలుగు ఇంటి వాకిట్లో పొద్దున్నే వేసే చుక్కల ముగ్గూ ఉంటుంది, గడప దగ్గర పాదాల ఝోటీ ఉంటుంది. రెండూ వేసే చెయ్యి ఒకటే. మొదటిది అత్తగారి దగ్గర నేర్చుకున్నది, రెండోది పక్కింటావిడ దగ్గర.

ఝోటి వేసిన తెలుగు ఇల్లాలు ఒడియా అయిపోయిందా? పక్కింటివాళ్ళు అలా అనుకోరు, ఆమె కూడా అనుకోదు. ఆ పాదాలు వీధిలో అందరికీ ఒకే మాట చెబుతాయి: ఈ ఇంట్లో కూడా ఇవాళ లక్ష్మివారం. పేరంటానికి రావచ్చు, ప్రసాదం పంచుకోవచ్చు. గుర్తు ఒకరి సొత్తుగా ఉండటం మానేసి వీధి సొత్తయింది. రాయగడలో మజ్జిగౌరమ్మ గుడి కూడా ఇలాంటిదే. ఒడియాలో ఆమె మఝిఘరియాణి. విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల నుంచి వచ్చే భక్తులకు ఆమె మజ్జిగౌరమ్మే. ఎవరి పేరుతో వారు మొక్కుతారు, వాదన లేదు. గంజాంలో ఒడియా మగవాళ్ళకు సీమాంచల్ అనే పేరు సర్వసాధారణం. అది సింహాచలం అప్పన్న పేరే. ఇటు శ్రీకాకుళంలో జగన్నాథం, జగన్నాథరావు లేని ఊరు ఉండదు. బరంపురంలో రెండేళ్ళకోసారి జరిగే బూఢీ ఠాకురాణీ యాత్ర ఆ నగరానికి అతి పెద్ద పండుగ. అమ్మవారిని ఆడపడుచుగా ఇంటికి తెచ్చుకునే మర్యాద తెలుగు మూలాలున్న నేతపనివారి కుటుంబాలది.

ఇంత కలిశాక ఇక తేడా ఎక్కడుంది? నార్వేకు చెందిన మానవశాస్త్రవేత్త ఫ్రెడ్రిక్ బార్త్ 1969లో చెప్పిన మాట ఇక్కడ దారి చూపిస్తుంది. జాతులను విడదీసేది వాటి లోపలి సంస్కృతి మొత్తం కాదు, మధ్యలో ఉన్న హద్దు. ఆ హద్దును నిలబెట్టడానికి ఇరుపక్షాలూ కొన్ని గుర్తులనే ఎంచుకుంటాయి. మిగతావి ఎంత కలిసిపోయినా నష్టం లేదు.

సరిహద్దు ఒడిశాలో అలా ఎంచుకున్న గుర్తుల్లో అన్నిటికంటే గట్టిది భాష కాదనిపిస్తుంది. అది వరస. తెలుగువాళ్ళలో మేనరికం ఉంది. మేనమామ కొడుకు బావ, మేనత్త కూతురు మరదలు. చేసుకున్నా చేసుకోకపోయినా ఆ వరసలో సరసం ఉంది, ఏడిపించుకోవడం ఉంది, పెళ్ళిళ్ళలో బావకు చేసే అల్లరి ఉంది. ఒడియా కుటుంబాల్లో సాధారణంగా మేనమామ పిల్లలు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు. వాళ్ళ మధ్య పెళ్ళి ఊహకు కూడా రాకూడనిది. పదిహేనేళ్ళు పక్కపక్క వాటాల్లో ఉన్న రెండు కుటుంబాలు ఒకరి వంట ఒకరు తింటాయి, ఒకరి పిల్లలను ఒకరు సాకుతాయి. ఒక శుభలేఖ వస్తుంది: తెలుగింటి అమ్మాయికి మేనమామ కొడుకుతో పెళ్ళి. ఒడియా పక్కింటావిడ శుభలేఖ అందుకుని ఒక్క క్షణం ఆగిపోతుంది. ఆ కుర్రాడు సెలవులకు వచ్చినప్పుడల్లా ఆమె 'నీ భాయి వచ్చాడా' అనే అడిగేది కదా.

ఒకే మనిషి, ఒకే రక్తసంబంధం. ఒక ఇంట్లో అతను బావ, పక్కింట్లో భాయి. బ్లూమర్ మొదటి మాటకు ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ దొరకదు. ఆ అర్థం మీదే ఆ అబ్బాయి ముందు ఆ అమ్మాయి నవ్వవచ్చా, సిగ్గుపడాలా, తలుపు తీసి లోపలికి రమ్మనవచ్చా అన్నది ఆధారపడి ఉంటుంది. ఈ తేడా పైకి వచ్చిన ప్రతిసారీ రెండు ఇళ్ళూ మర్యాదగా దాటేస్తాయి. 'మీలో అలా ఉంటుంది కదా' అన్న ఆ ఒక్క మాటతో హద్దు ఎక్కడుందో మళ్ళీ గుర్తవుతుంది. అది శత్రుత్వం కాదు. పక్కనే ఉంటూ వేరుగా ఉండటానికి మనుషులు కుదుర్చుకున్న పద్ధతి. దక్షిణ ఒడిశాలో కొన్ని కులాలు మేనరికానికి అలవాటుపడ్డాయి కూడా. వాళ్ళ సంగతి వచ్చినప్పుడు ఉత్తరాది ఒడియావాళ్ళు దాన్ని తెలుగు అలవాటు కింద కడతారు. అంటే గుర్తు మనిషి నుంచి మనిషికి మారినా దాని మీది చీటీ మారలేదు.

బడి గేటు దగ్గర

అమెరికా సమాజశాస్త్రవేత్త చార్లెస్ హోర్టన్ కూలీ 1902లో మనిషి తన్ను తాను ఎదుటివాళ్ళనే అద్దంలో చూసుకుంటాడన్నాడు. ఎదుటివాళ్ళకు ఎలా కనిపిస్తున్నామో ఊహించుకుంటాం, వాళ్ళు ఏమనుకుంటున్నారో ఊహించుకుంటాం, ఆ ఊహను బట్టి గర్వమో సిగ్గో పడతాం. మూడు మెట్లలో రెండు ఊహలే. ఎదుటివాళ్ళు నిజంగా ఏమనుకున్నారన్నది అక్కడ లేదు.

బడి గేటు దగ్గర తల్లి తెలుగులో పిలుస్తుంది. నాలుగో తరగతి పిల్ల ఒడియాలో జవాబు చెబుతుంది. ఎవరూ ఆమెను వెక్కిరించి ఉండకపోవచ్చు. టీచరు తెలుగు మాట్లాడొద్దని అని ఉండకపోవచ్చు. స్నేహితురాళ్ళ చెవికి తన ఇంటి మాట ఎలా వినిపిస్తుందోనన్న ఊహ ఒక్కటే చాలింది. తల్లికి అది చిన్న విషయం. నవ్వి ఊరుకుంటుంది, రెండో రోజు తనే ఒడియాలో పిలుస్తుంది. ఆ రోజు నుంచి గేటు దగ్గర తెలుగు లేదు. కొన్నాళ్ళకు ఇంటికి నడిచే దారిలో లేదు. వంటింట్లో మాత్రం ఉంటుంది. పెద్దయ్యాక ఆ పిల్ల అమ్మమ్మతో గలగలా తెలుగు మాట్లాడుతుంది, శుభలేఖ మీది తెలుగు మాత్రం చదవలేదు. ఫోన్‌లో చుట్టాలకు ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు టైపు చేస్తుంది. సరిహద్దు తెలుగు ఇళ్ళలో నోటికి ఉండి కంటికి లేని తెలుగు ఒక తరం మొత్తానికి పాకింది. ఇది బాధపడవలసిన విషయమే. దీనికి ప్రభుత్వాన్ని ఒక్కదాన్నే తప్పుపట్టి ఊరుకుంటే, గేటు దగ్గర జరిగిన చిన్న జవాబులు లెక్కలోకి రావు.

మీడ్ మాటల్లో చెప్పాలంటే బడి ఆ పిల్లకు పదిమంది చూపును లోపల ప్రతిష్ఠించింది. ఒక్క స్నేహితురాలు కాదు, తరగతి మొత్తం ఆమెలో కూర్చుని వింటోంది. కాలక్రమంలో ఆ పదిమంది మారవచ్చు. కాలేజీలో తెలుగు సినిమా పాటలకు ఒడియా స్నేహితులే ఊగిపోతే, అర్థాలు చెప్పమని ఆమె చుట్టూ చేరితే, అదే తెలుగు ఆమెకు హోదా అవుతుంది. సిగ్గుపడ్డ భాషే పదేళ్ళకు గొప్ప కావడం ఆ పట్టణాల్లో కొత్తేం కాదు. లిపి మాత్రం అలా తిరిగిరాదు. వయసు దాటాక అక్షరాలు దిద్దేవాళ్ళు తక్కువ.

బడి ఫారాల్లో పేరు రాసే గడులు కూడా తమ వంతు పని చేశాయి. తెలుగు పద్ధతిలో ఇంటిపేరు ముందు, అసలు పేరు వెనక. ఒడియా పద్ధతిలో పట్నాయక్, సాహు, పాత్రో వంటి వంశనామం చివర ఉంటుంది. ఫారంలో చివరి గడి ఇంటిపేరుది కాబట్టి తెలుగువాళ్ళ చివరి మాట అందులోకి వెళుతుంది. అలా 'రావు' అనే గౌరవపదం ఒడిశాలో ఎన్నో కుటుంబాలకు ఇంటిపేరైపోయింది. అసలు ఇంటిపేరు ఒక పొడి అక్షరంగా కుంచించుకుపోయి ముందు నిలబడింది. 1894లో బరంపురంలో పుట్టి, 1969 నుంచి 1974 దాకా రాష్ట్రపతిగా ఉన్న వి.వి. గిరి పేరులో వరాహగిరి ఇంటిపేరు. ఆయన పుట్టేనాటికి ఆ ఊరు మద్రాసు ప్రెసిడెన్సీలోది, ఇంటిపేరు ముందుండే ఆ పద్ధతిని ఎవరూ ప్రశ్నించలేదు. ఇవాళ అదే ఊళ్ళో పిల్లలకు ఇంటిపేరు అడిగితే 'రావు' అంటారు. ఇంటిపేర్లు పోతే ఏ ఇంటివాళ్ళు ఏ ఇంటివాళ్ళకు ఏమవుతారో లెక్కగట్టే పని కష్టమవుతుంది. సంబంధాలు చూసేటప్పుడు పెద్దవాళ్ళు గుర్తుచేసుకుని చెప్పాల్సి వస్తుంది.

1936లో ఇద్దరు

గిడుగు వెంకట రామమూర్తి 1880 నుంచి పర్లాకిమిడి రాజావారి బడిలో పాఠాలు చెప్పారు. వాడుక భాషకు ఆయన చేసిన పోరాటం తెలుగువాళ్ళకు తెలిసిందే. ఆగస్టు 29న ఆయన పుట్టినరోజే తెలుగు భాషా దినోత్సవం. చుట్టూ కొండల్లో ఉన్న సవరల భాషను ఆయన నేర్చుకున్నారు, వాళ్ళకు వాళ్ళ భాషలో చదువు చెప్పించారు, 1931లో సవర వ్యాకరణం, 1938లో నిఘంటువు వెలువరించారు. మనుషుల నోట్లో ఉన్న మాటకే విలువ అని అంత గట్టిగా నమ్మిన మనిషి పర్లాకిమిడి ఒడిశాలో చేరడాన్ని వ్యతిరేకించారు. కొత్త రాష్ట్రం ఏర్పడిన రోజునే ఆ ఊరు విడిచి రాజమహేంద్రవరం వెళ్ళిపోయారు. అప్పటికి ఆయన వయసు డెబ్భై దాటింది. ఊళ్ళో తెలుగు మాట్లాడేవాళ్ళు అలాగే ఉన్నారు, ఇల్లు అలాగే ఉంది. ఆయనకు మాత్రం ఆ ఊరికి అర్థం మారిపోయింది. ఊరు విడవడం ఆయన ఇచ్చిన జవాబు.

అదే 1936లో, అవే కొండల్లో, మంగేయి గొమాంగో అనే సవర పెద్ద తన భాషకు సొరాంగ్ సొంపెంగ్ అనే లిపి తయారుచేశాడు. అప్పటికి సవరను కొందరు తెలుగు లిపిలో, కొందరు ఒడియా లిపిలో రాస్తున్నారు, క్రైస్తవ మిషనరీలు రోమన్ లిపిలో రాస్తున్నారు. ఏ లిపిలో రాస్తే ఆ లిపి వాళ్ళ మనిషి అయినట్టే. గొమాంగో ఆ మూడింటినీ పక్కనపెట్టి 24 అక్షరాలు చేశాడు. ఒక్కో అక్షరం ఒక్కో సవర దేవతది. ఆ అక్షరాలను గుడిలో పెట్టి పూజించారు. రాయడానికి పనికొచ్చే గుర్తు అంతటితో ఆగకుండా కొలిచే గుర్తయింది. సవరలందరూ ఆ లిపిని స్వీకరించలేదు, క్రైస్తవులైనవాళ్ళు రోమన్ లిపితోనే ఉన్నారు. అయినా ఆ పని వెనక ఉన్న తెలివిడి ఆశ్చర్యం కలిగిస్తుంది. పెద్ద భాషల మధ్య నలిగే మనుషులకు అక్షరం ఒక ఉనికి అని ఆయనకు ఏ సమాజశాస్త్రమూ చెప్పలేదు.

ఒక్కోసారి రెండు గుర్తింపులూ ఒకే మనిషిలో హాయిగా ఇమిడాయి. జయపురం మహారాజు విక్రమదేవవర్మ తెలుగులోనూ ఒడియాలోనూ పండితుడు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు ఏటా లక్ష రూపాయలిచ్చాడు. ఆయన సంస్థానం ఒడిశాలో ఉంది, ఆయన పేరు రెండు చోట్లా గౌరవంగానే పలుకుతారు. ఆయనకున్న సంపద, హోదా లేనివాళ్ళకు ఆ వెసులుబాటు లేకపోవడం వేరే సంగతి.

కార్డు ఎవరిదైతే

ఈ ఆలోచనా ధోరణి మీద పాతదే ఒక విమర్శ ఉంది: మనుషుల మధ్య మాటలను చూస్తూ అధికారాన్ని మరచిపోతుందని. ఆ విమర్శ నిజమే. గుర్తులకు అర్థాన్ని అందరూ కలిసి తయారుచేస్తారు కానీ అందరి చేతిలోనూ ముద్ర ఉండదు.

కొరాపుట్ జిల్లా పొట్టంగి బ్లాకులోని కొఠియా పల్లెలు దీనికి సాక్ష్యం. ఒడిశా, ఆంధ్రప్రదేశ్ రెండూ తమవంటున్న ఊళ్ళు అక్కడ 21. సాలూరు వైపు నుంచి ఎక్కితే అవి ఆంధ్ర పల్లెలు, పొట్టంగి వైపు నుంచి దిగితే ఒడిశా పల్లెలు. 1968లోనే వివాదం సుప్రీంకోర్టుకు వెళ్ళింది. 2021లో ఆంధ్రప్రదేశ్ అక్కడ పంచాయతీ ఎన్నికలు జరిపితే ఒడిశా కోర్టు ధిక్కార పిటిషన్ వేసింది. ఆ ఊళ్ళలో చాలామందికి రెండు రాష్ట్రాల రేషన్ కార్డులు, రెండు ఓటరు కార్డులు ఉన్నాయి.

పరిస్థితిని నిజమని మనుషులు నమ్మితే దాని ఫలితాలు నిజమే అవుతాయని సమాజశాస్త్రవేత్త డబ్ల్యూ.ఐ. థామస్ 1928లో అన్నాడు. కొఠియాలో ఆ మాట తిరగబడింది. ఎటుపక్క అధికారి వస్తే ఆ పక్క కార్డు బయటికి వస్తుంది, ఆ పక్క భాష నోటికి వస్తుంది. దీన్ని మోసమని చూసేవాళ్ళున్నారు. వాళ్ళకు రోడ్డు, బియ్యం, పింఛను ఎప్పుడూ ఏదో ఒక గుర్తు చూపించాకే వచ్చాయి, అది చూడాలి. రెండు ప్రభుత్వాలు పోటీపడి అడుగుతున్న ప్రశ్నకు వాళ్ళు ఇస్తున్న జవాబు అది. ఇంట్లో ఎక్కువమంది మాట్లాడేది కొండభాషలు. నువ్వు తెలుగువాడివా ఒడియావాడివా అన్న ప్రశ్నే బయటి నుంచి వచ్చింది.

అధికారం అడిగే ఇలాంటి ప్రశ్న త్వరలో అన్ని గడపలకూ రాబోతోంది. తర్వాతి జనగణనకు ప్రధాన తేదీ 2027 మార్చి 1. మాతృభాష ఒక్కటే చెప్పాలి, దానికి తోడు తెలిసిన భాషలు రెండు దాకా చెప్పవచ్చు. చిన్నప్పుడు తల్లి మాట్లాడిన భాషే మాతృభాష అని జనగణన నిర్వచనం. నిర్వచనం స్పష్టంగానే ఉంది. గడపలో నిలబడి ప్రశ్న అడిగేది చాలా చోట్ల బడి టీచర్లే, అడిగేది ఒడియాలో, జవాబు చెప్పేది కూడా ఒడియాలోనే. గేటు దగ్గర తెలుగు మానేసిన పిల్ల అప్పటికి తల్లయి ఉంటుంది. తన పిల్లల మాతృభాష గడిలో ఏం రాయించాలన్నది ఆమె ఆ రెండు నిమిషాల్లో తేల్చుకోవాలి. ఎదురుగా ఉన్నది పిల్లల టీచరు.

ఆ గడి మీద ఆధారపడి ఉన్నవి తక్కువేం కావు. రాజ్యాంగం 350ఏ అధికరణం భాషాపరమైన మైనారిటీల పిల్లలకు ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో చదువుకునే వసతి కల్పించమంటుంది. 1949లో రాష్ట్రాల విద్యామంత్రులు ఒప్పుకున్న లెక్క ప్రకారం తరగతిలో 10 మంది, లేదా బడిలో 40 మంది ఆ భాష పిల్లలుంటే ఆ భాషలో చెప్పే టీచరును ఇవ్వాలి. సరిహద్దు జిల్లాల్లో తెలుగు మీడియం బడులు తగ్గుతూ వచ్చాయి, ఉన్నవాటిలోనూ టీచర్లకు కొరతే. ఆ పదిమంది పిల్లలు వీధిలో ఉన్నారా అంటే ఉన్నారు. కాగితం మీద ఉండాలంటే, పదిమంది తల్లులో తండ్రులో గడప దగ్గర తెలుగు అని చెప్పాలి, పిల్లల పేర్లు బడిలో రాయించేటప్పుడు ఫారంలో మళ్ళీ ఆ మాటే రాయించాలి.